రక్తానికి తోడు నిలిచిన మనీషి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఎండు మిరపకాయలు దంచుతున్న ఇంటి ముందు నుండి నడిచి పోయేవారికి తుమ్ము రాక మానదు. పత్తి ఏరిన చేతులతో, దుమ్ము పట్టిన బట్టలతో ఇంటికి చేరే కూలీకి దగ్గు రాక తప్పదు. తుళ్లూరు పరిసర గ్రామాల నుండి మన కళాశాలకు వచ్చే విద్యార్థినీ విద్యార్థులకు ఇవి చిన్ననాటి నుండి తెలిసిన విషయాలే. తుమ్మును మనం చికాకుగా భావిస్తాము. నిజానికి అది మన శరీరం తనకు తానుగా చేసుకునే రక్షణ. ఊపిరితిత్తులలోనికి పోరాని దానిని ద్వారం దగ్గరనే ఆపి వెలుపలికి నెట్టివేసే కావలి అది. మనకు తెలియకుండా, మన ఆజ్ఞ కొరకు ఎదురు చూడకుండా, గుండె కొట్టుకుంటున్నది, ఊపిరి ఆడుతున్నది, రక్తంలోని తెల్లకణాలు రేయింబవళ్లు కాపలా తిరుగుతున్నవి.

మేము తెలుగు బోధించేవారమే గాని వైద్యులము కాము. అయినను ఈ సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని వ్రాయదలచినప్పుడు మా మనస్సునకు మొదట తోచిన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఊపిరి, రక్తం, రోగ నిరోధక శక్తి అనే మూడింటికీ సంబంధించిన రహస్యాలను ఆయన చేతులు తాకినవి. అన్నిటికంటె మించి, శరీరానికి ఏది కొరవడినదో కనుగొని దానిని అందిస్తే శరీరం తన పని తాను చేసుకుంటుందని ఆయన కృషి నిరూపించింది. ఆయన జీవితంలోనూ సరిగ్గా అదే జరిగింది. ఆ సంగతిని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. కలిగిన కుటుంబం కాదు. బాలుడైన సుబ్బారావుకు చదువు మీద కంటె దేశాటనం మీద ధ్యాస ఎక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించవచ్చునని ఒకనాడు ఇల్లు విడిచి బయలుదేరగా పెద్దలు దారిలో పట్టి వెనుకకు తెచ్చారట. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండు పర్యాయాలు తప్పారు. మూడవ పర్యాయం మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైనారు. ఈనాడు ప్రపంచంలోని ఏ వైద్య కళాశాలలోనైనను పాఠంగా చెప్పే విషయాలను కనుగొన్న మనిషి, ఒకప్పుడు మన ప్రాంతంలో పరీక్ష తప్పిన పిల్లవాడని మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. యౌవనంలో సన్యాసం వైపు మనస్సు లాగినను, రోగులకు సేవ చేసే మార్గమే చివరకు ఆయనను నిలిపింది. చదువు ఖర్చులకు మిత్రులు తోడ్పడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆదుకున్నారు. 1919లో వారి కుమార్తె శేషగిరిగారిని సుబ్బారావుగారు వివాహమాడారు. అవి జాతీయోద్యమం ఉప్పొంగుతున్న రోజులు. గాంధీజీ పిలుపును తలదాల్చి సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోనికి కూడా ఖద్దరు ధరించి వెళ్లారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి రుచించలేదు. పరీక్షలు బాగుగా వ్రాసినను ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే ఆయన బయటకు రావలసి వచ్చింది. ప్రభుత్వ వైద్యసేవలో ప్రవేశం దొరకక, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా కుదురుకున్నారు.

ఆయన యౌవనాన్ని కుదిపివేసిన దుర్ఘటన మరొకటి కలదు. కొద్ది రోజుల తేడాలో ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధికి బలి అయినారు. ఉష్ణ దేశాలలో వచ్చే ఆ జబ్బు ఆయననూ పట్టిందనీ, లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకున్నారనీ జీవిత చరిత్రకారులు వ్రాశారు. కళ్ల ముందు తోబుట్టువులు కృశించి పోతుండగా వైద్యం చదివిన తాను ఏమియు చేయలేకపోయినాననే బాధ ఆయనను జీవితాంతం వెన్నంటింది.

స్ప్రూ అనగా ఏమిటి? మనం తిన్న ఆహారం చిన్న ప్రేగులలో జీర్ణమై, ఆ ప్రేగుల లోపలి పొరలోని సన్నని నూగు వంటి మొలకల ద్వారా రక్తంలో కలుస్తుంది. స్ప్రూ వ్యాధిలో ఆ మొలకలు మొద్దుబారి అణగిపోతాయి. అన్నం కడుపులో పడుతుంది గాని ఒంటికి పట్టదు. విరేచనాలు, నాలుక పూత, బలహీనత క్రమంగా ముదిరి, చివరకు రక్తం పలచబడుతుంది. మనిషి శరీరంలో ఎర్రకణం ఒక్కొక్కటి సుమారు 120 రోజులు మాత్రమే జీవిస్తుంది. పోయిన కణాల స్థానంలో ఎముకల మూలుగ సెకనుకు ఇరవై లక్షలకు పైగా కొత్త కణాలను తయారు చేస్తూ ఉండాలి. అందుకు కావలసిన పదార్థం ఆహారం నుండి అందకపోతే, మూలుగలోని కణాలు పెరుగుతాయే గాని సక్రమంగా విభజన చెందవు. పెద్దవిగా, తక్కువగా, బలహీనంగా పుడతాయి. ప్రాణవాయువును మోయవలసిన కూలీలే కరవైనప్పుడు ఊపిరితిత్తులు నిండుగా గాలి పీల్చినను ఏమి లాభం? రోగికి నాలుగు అడుగులు వేస్తేనే ఆయాసం వస్తుంది. గుండె ఆ లోటు తీర్చడానికి వేగంగా కొట్టుకొని కొట్టుకొని అలసిపోతుంది.

ఆ లోపించిన పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. దానిని తెలుసుకోవాలనే తపనతోనే సుబ్బారావుగారు అమెరికా ప్రయాణం పెట్టుకున్నారు. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇచ్చిన ద్రవ్యం ఆయనను సముద్రం దాటించాయి. బోస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్య విభాగంలో చేరారు. చేతిలో డబ్బు లేదు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే కొలువు చేసి, పగలు చదువుకున్నారు.

ఇచ్చట ఒక విషయం ప్రస్తావించక తప్పదు. సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఉన్న 1924లోనే, ఐరోపాలో చదువుకుంటున్న ముహియుద్దీన్ అత్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయంలో ఒక అరబ్బీ వ్రాతప్రతిని వెలికి తీశారు. అది పదమూడవ శతాబ్దికి చెందిన ఇబ్న్ అన్ నఫీస్ రచన. డమాస్కస్ ప్రాంతంలో పుట్టి, కైరోలో వైద్యుడుగా ఖ్యాతి గాంచి, 1288లో మరణించిన ఆ మహావైద్యుడు ఇబ్న్ సీనా గ్రంథమైన అల్ ఖానూన్‌లోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం వ్రాశారు. గుండె కుడి గదికి, ఎడమ గదికి మధ్యనున్న గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నవనీ, వాటి గుండా రక్తం ప్రవహిస్తుందనీ గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటను వెయ్యి సంవత్సరాలు అందరూ నమ్మారు. ఇబ్న్ అన్ నఫీస్ ఆ గోడలో రంధ్రాలు లేవని నిర్మొహమాటంగా వ్రాశారు. కుడి గది నుండి రక్తం ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, శుద్ధమై ఎడమ గదికి తిరిగి వస్తుందని వివరించారు. శరీరమంతటా రక్తం ఒకే వలయంగా తిరుగుతున్నదని ఇంగ్లండులో విలియం హార్వే గ్రంథం ప్రకటించింది 1628లో గదా! దానికి దాదాపు నాలుగు వందల ఏండ్ల ముందే గుండెకు, ఊపిరితిత్తులకు గల బంధాన్ని ఒక అరబ్బు వైద్యుడు గుర్తించాడు. ఆ పుటలు శతాబ్దాలు అలమరలలో నిద్రించాయి. విద్య ఎవరి సొత్తూ కాదు. ఏ దేశంలో పుట్టినను అది వెతికేవారి కొరకు వేచి యుంటుంది.

ఊపిరితిత్తులలో సుమారు ముప్పై కోట్ల చిన్న చిన్న గాలి తిత్తులు ఉన్నాయి. వాటి పలుచని గోడల గుండా ప్రాణవాయువు రక్తంలోనికి చేరుతుంది. బొగ్గుపులుసు వాయువు బయటకు పోతుంది. నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకునే గుండె ఆ రక్తాన్ని నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున శరీరమంతటికీ పంపుతుంది. రోజు మొత్తం మీద లక్షసార్లు ముడుచుకొని విప్పారే ఆ కండకు శక్తి ఎక్కడ నుండి వస్తున్నది? పీల్చిన ప్రాణవాయువు చివరకు ఏమవుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడంలో సుబ్బారావుగారి పాత్ర గణనీయం.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని ప్రయోగశాలలో ఆయన చేరారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇరువురూ కలిసి రూపొందించి 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా పేరు పడిన ఆ కొలత దశాబ్దాల పాటు జీవరసాయన ప్రయోగశాలలలో నిత్యోపయోగంగా నిలిచింది. ఆ కొలత చేతిలో ఉండగా కండరాలను పరీక్షించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని కనుగొన్నారు. ఏ.టి.పి.ని అదే సంవత్సరంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. కండరం పని చేయడానికి మూలం లాక్టిక్ ఆమ్లమని అప్పటివరకు ఉన్న అభిప్రాయం; కండరాల పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి సైతం హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రజ్ఞులకు లభించి ఉన్నది. సుబ్బారావు, ఫిస్కేల పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చవలసిన అవసరం కల్పించింది.

ఈ పదార్థాల పని కబడ్డీ ఆడేవారికి సులభంగా బోధపడుతుంది. కూత పట్టి ఎదుటి బరిలోనికి దుమికిన ఆటగాడు ఊపిరి తీసుకోడు. ఆ తొలి క్షణాలలో అతని కండరాలకు బలం నిల్వలో ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ నుండే ముఖ్యంగా లభిస్తుంది. అది ఖర్చయిన ఏ.టి.పి.ని వెంటనే తిరిగి నింపుతుంది. ఆ నిల్వ కొన్ని సెకన్లకే తరిగిపోతుంది. ఆపైన రక్తం తెచ్చే ప్రాణవాయువే ఆధారం. అందుకే తిరిగి వచ్చిన ఆటగాడు రొప్పుతాడు. మనం పీల్చే ప్రతి ఊపిరికీ పరమార్థం ఏ.టి.పి. తయారీయే. శరీరంలో ఒక్కసారిగా నిల్వ ఉండే ఏ.టి.పి. ఎంతో స్వల్పం, కాని అది క్షణక్షణం ఖర్చవుతూ, క్షణక్షణం తిరిగి తయారవుతూ, ఒక రోజులో మనిషి బరువుకు దగ్గరైనంత పరిమాణం చేతులు మారుతుంది.

ఇంత సాధించినను హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్ అనే ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన చేరారు. అనతి కాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయినారు. అప్పుడు గాని ఆయన సోదరుల మరణం నాడు పడిన ప్రశ్నకు జవాబు వెదికే అవకాశం చిక్కలేదు.

ఆ జవాబు ఆచూకీ మన దేశంలోనే మొదట దొరికింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో జౌళి మిల్లుల కార్మిక స్త్రీలు గర్భిణులుగా ఉన్నప్పుడు రక్తహీనతతో మరణించడం చూసి, ఈస్టు సారం తినిపిస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఈస్టులోను, కాలేయంలోను ఏదో ఒక పదార్థం ఉన్నదని తేలింది. 1941లో అమెరికాలోని టెక్సాస్‌లో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర జాతి ఆకు నుండి అట్టి పదార్థాన్ని లేశమాత్రంగా రాబట్టి, ఆకు అనే అర్థం గల లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. అంత ఆకు నుండి అంత స్వల్పంగా వచ్చేది రోగులకు ఎట్లు అందుతుంది? సుబ్బారావుగారి నాయకత్వంలోని లెడర్లీ బృందం దాని నిర్మాణాన్ని తెలుసుకొని 1945లో దానిని కృత్రిమంగా తయారు చేసింది. అటు పిమ్మట టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబా, పోర్టోరికో దీవులలో స్ప్రూ రోగులకు దానిని ఇచ్చి చూడగా మంచాన పడినవారు లేచి అన్నం తినసాగారు. భీమవరం సోదరులకు అందవలసిన మందు చేతికి వచ్చింది. వారికి మాత్రం ఆలస్యమైనది.

ఈ ఆమ్లం మనిషికి రోజుకు కావలసినది మిల్లీగ్రాములో సగం కంటె తక్కువ. తోటకూర, పాలకూర, పప్పులు, చిక్కుళ్ళలో ఇది ఉంటుంది. ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే చాలావరకు పోతుంది. నేడు ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఇదే. కడుపులోని బిడ్డ వెన్ను, మెదడు సరిగా రూపొందడానికి కూడా ఇది అవసరమని తరువాతి కాలంలో తేలింది. తల్లులు మింగే ఆ చిన్న బిళ్ల వెనుక ఒక తెలుగువాని పుత్రశోకం వంటి భ్రాతృశోకం ఉన్నదని ఎందరికి తెలుసు?

ఇక శరీర రక్షణ విషయానికి వద్దాము. చర్మం, ముక్కులోని తేమ, తుమ్ము, దగ్గు మొదటి కోట. దానిని దాటిన సూక్ష్మజీవులను తెల్లకణాలు ఎదుర్కొంటాయి. కొన్ని కణాలు శత్రువును మింగివేస్తాయి. మరికొన్ని ఆ శత్రువుకు తగిన ప్రతిరక్షకాలను తయారు చేసి, వాని ఆనవాలును ఏండ్ల తరబడి గుర్తుంచుకుంటాయి. టీకా పని చేయడం ఆ జ్ఞాపక శక్తి వల్లనే. రక్తనాళాలకు తోడుగా శరీరమంతటా శోషరస నాళాలనే మరొక కాలువల వరుస ఉన్నది. కణాల మధ్య మిగిలిన నీటిని తోడి తిరిగి రక్తంలో కలపడం, దారిలో ఉన్న గ్రంథులలో దానిని వడపోయడం వాటి పని. గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ క్రింద తగిలే బిళ్లలు అవియే.

మన కోస్తా జిల్లాలలో బోదకాలు ఎరుగనివారు లేరు. దోమకాటుతో ప్రవేశించిన సన్నని పురుగులు ఈ శోషరస నాళాలలోనే కాపురం పెడతాయి. కాలువ పూడిన పొలంలో నీరు నిలిచినట్లు కాలిలో నీరు నిలిచి వాపు స్థిరపడుతుంది. సుబ్బారావుగారి బృందం 1947లో ఈ జబ్బుకు హెట్రజాన్ అనే మందును వెలువరించింది. మన ప్రభుత్వం 2004 నుండి గ్రామ గ్రామాన ఉచితంగా మింగించిన డి.ఇ.సి. బిళ్లలు ఆ మందే. ఆశ్చర్యం ఏమనగా, గాజు పాత్రలో ఉన్న పురుగుల మీద ఈ మందు ప్రభావం చాలా తక్కువ. శరీరంలోని రక్షణ కణాలతో కలిసినప్పుడే అది పురుగు పిల్లలను నాశనం చేస్తుంది.

అదే ప్రయోగశాలలో, డెబ్బై ఏండ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు సుబ్బారావుగారి ఆధ్వర్యంలో పలు ప్రాంతాల మట్టిని పరీక్షించి, మిస్సోరీ నుండి వచ్చిన మట్టిలోని బంగారు వన్నె సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను రాబట్టారు. 1948లో లోకానికి వెల్లడి అయిన ఈ మందే టెట్రాసైక్లిన్ జాతి మందులకు ఆద్యం. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం బారులు తీరి కొనుక్కున్నవి ఈ జాతి బిళ్లలే. ఇదియు సూక్ష్మజీవులను ముఖ్యంగా పెరగకుండా ఆపుతుంది. మిగిలిన పని తెల్లకణాలే ముగిస్తాయి.

ఆయన బృందం చేసిన మరొక పని మరింత చిత్రమైనది. ఫోలిక్ ఆమ్లం లేకపోతే రక్తకణాలు వృద్ధి కావని తెలిసింది గదా! అదుపు తప్పి తెల్లకణాలు పెరిగిపోయే రక్త క్యాన్సరులో, ఫోలిక్ ఆమ్లం వలె వేషం వేసి దాని పనిని అడ్డగించే పదార్థాన్ని ఇస్తే ఏమవుతుంది? లెడర్లీ తయారు చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి కొంతకాలం వెనుకంజ వేసింది. 1948లో ప్రకటించిన ఆ ఫలితం క్యాన్సరుకు మందుతో చికిత్స చేయడంలో తొలి మెట్లలో ఒకటి. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ క్యాన్సరులకే కాక, రక్షణ సేన పొరపాటున సొంత కీళ్ల మీద తిరగబడే కీళ్లవాతానికి కూడా నేడు ప్రధాన ఔషధంగా ఉన్నది.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సులో, నిద్రలోనే సుబ్బారావుగారి గుండె ఆగిపోయింది. గుండె కండకు శక్తి ఎక్కడిదో లోకానికి తెలిపిన మనిషి అట్లు వెళ్లిపోయారు. భారతదేశం స్వతంత్రమై అప్పటికి ఏడాది మాత్రమే. మూడేండ్లలో తిరిగి వస్తానని వెళ్లిన భర్తను శేషగిరిగారు మరల చూడలేదు. ఆ విద్యకు ఆ ఇల్లాలు చెల్లించిన వెలను ఏ గ్రంథమూ లెక్క కట్టలేదు. దానిని మరచి ఆయనను కీర్తించడం న్యాయం కాదని మా అభిప్రాయం. నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. ఫలితాలు ప్రకటించేటప్పుడు సహచరులను ముందు నిలిపి తాను వెనుక నిలబడడం ఆయన స్వభావం. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టుకున్నారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ల విడుదల చేసింది.

ఈ జీవితాన్ని వ్రాస్తూ మేము ఒక విషయం గమనించినాము. ఆయన ఇచ్చిన ఔషధాలలో పెక్కు శరీరానికి బదులుగా పోరాడేవి కావు. తోడు నిలిచేవి మాత్రమే. రక్తాన్ని తయారు చేసేది మూలుగ. ఫోలిక్ ఆమ్లం దానికి కొరవడిన చిటికెడు పదార్థం. ఆయన జీవితంలో ఆ చిటికెడు పదార్థం ఏది? రెండుసార్లు తప్పిన బాలునికి మూడవ పర్యాయం పరీక్షకు దక్కిన అవకాశం. ఒక మామగారి సాయం. కాకినాడ ధర్మనిధి నుండి వచ్చిన కొద్దిపాటి ద్రవ్యం. ప్రతిభ ఆయనది. కాని అవి సమయానికి అందకపోయినచో ఆ ప్రతిభ మద్రాసులోనే అణగిపోయి ఉండేది.

కళాశాల కార్యవర్గంలోని పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఫీజు కట్టలేక బడి మానివేయదలచిన బాలిక, ఒక పర్యాయం తప్పి తలవంచుకొని ఇంటికి పోయిన కుర్రవాడు మన హాజరు పట్టికలో ప్రతి సంవత్సరం ఉంటారు. వారి పేరు కొట్టివేసే ముందు ఒక్క క్షణం ఆగండి. వారికి కావలసినది బహుశా ఎంతో స్వల్పం కావచ్చు.

విద్యార్థులారా! ఈసారి మిరప ఘాటుకు తుమ్మినప్పుడు మీలోని ఆ నిద్రపోని కావలివారిని తలచుకోండి. తప్పిన పరీక్షకు మరల కూర్చోండి. రెండుసార్లు తప్పి, మూడవసారి కూర్చున్న భీమవరం బాలుడు మీ ముందు నడిచి పోయిన దారి అది.